ఎడమచేతి బుట్ట పక్కన

మా ఆయన కాలు విరగ్గొట్టుకోకపోతే, ఆ అనుమానంతోనే నా బతుకు తెల్లారిపోయేది.

సెప్టెంబరు తుపాను మా ఇంటి పెంకులు నాలుగు ఎగరగొట్టింది. మా ఆయన కిసబురో నిచ్చెనెక్కి వాటిని శుభ్రంగా సర్దాడు. దిగేటప్పుడు ఇంకో మెట్టు మిగలలేదనుకుని గాల్లో కాలు పెట్టాడు. కుడి కాలు చీలమండ దగ్గర విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి పంపించారు, అక్టోబరు దాటేదాకా కాలు నేల మీద మోపకూడదన్నారు.

అక్టోబరంటే మాకు పంటకాలం లాంటిది. మా ఊరు తొయామాలో మాలాంటి మందులవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. ఊరూరా ఇంటింటా ఒక మందుల పెట్టె ఉంచి వస్తాం. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళి, వాడుకున్నవాటికి డబ్బు తీసుకుని, వాటి చోట కొత్తవి పెట్టి, పిల్లలకి కాగితపు బుడగలు ఊది ఇస్తాం. ఒక్క ఏడు వెళ్ళకపోతే ఆ ఇంట్లో ఇంకొకడి పెట్టె కూర్చుంటుంది. మా ఆయనవి షిన్షూ కొండల్లో ఊళ్ళు. వాళ్ళ నాన్న తిరిగిన ఊళ్ళే.

"నేను వెళ్తాను" అన్నాను.

ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. కాసేపటికి ఊళ్ళు చెప్పడం మొదలుపెట్టాడు. ఫలానా ఊళ్ళో బియ్యం కొట్టాయనకి చెవుడు, గట్టిగా అరవాలి. ఫలానా ఇంట్లో కుక్క కరుస్తుంది, వెనక గుమ్మంలోంచి వెళ్ళాలి. ఫలానా ఆవిడ కడుపునొప్పి మందు తప్ప ఏదీ వాడదు, అయినా అన్నీ పెట్టాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటుంది. నేను ఎప్పుడూ ఇంట్లో కూచుని పొట్లాలు కట్టేదాన్నే గాని ఆ మనుషులెవర్నీ చూడలేదు. ఆయన చెప్తుంటే వాళ్ళంతా మా వంటింట్లో వరసగా కూర్చున్నట్టే అనిపించింది. అంతలో అన్నాడు:

"తొచిజావా ఒక్కటి వదిలెయ్."

"ఎందుకు?"

"దారి బాగుండదు."

"మీరు బురద మంచులో కూడా వెళ్ళొచ్చారు కదా."

"వసంతంలో నేనే వెళ్తాలే" అని గోడ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి అబద్ధం నోటితో ఆడటం వచ్చుగాని చెవులతో రాదు.

నేను హిమి రేవులో పుట్టినదాన్ని. చేపని కూడా కన్ను చూసి, మొప్ప ఎత్తి, నొక్కి గాని కొనం. అలాంటిదాన్ని ఇరవై ఏళ్ళుగా ఈ తొచిజావా అనే చేపని మొప్ప ఎత్తకుండా ఊరుకున్నాను. అంటే గమనించలేదని కాదు. ఏటా శరత్తులో తిరిగొచ్చాక ఆయన మేజోళ్ళు ఉతకడానికి తీస్తే, మడమల దగ్గర చిరుగులు ఎవరో రఫూ చేసి ఉండేవారు. నేను గళ్ళు గళ్ళుగా అల్లుతాను. అవి ఏటవాలుగా, చేప ముల్లులా ఉండేవి. అది మగాడి చేతిపని కాదు. వెళ్ళేటప్పుడు నేను కొంబు అనే సముద్రపు నాచు ఆకుల్లో చుట్టి నానబెట్టిన చేప ఒక డబ్బా నిండా పట్టుకెళ్ళేవాడు. ఎవరికంటే, "ఒక ఇంటికి" అనేవాడు.

ఒక ఏడాది చివరి రాత్రి అందరిలాగే సోబా వండాను, ఆ గింజల పిండితో చేసే పొడవాటి సేమ్యాలు. ఉడికించి, చల్లార్చి, చిన్న చిన్న చుట్టలుగా పెట్టాను. ఈయన ఆ చుట్టల్లో ఒకటి తీసి టీ వడకట్టే జాలీలో పెట్టి, పొయ్యి మీద కాగుతున్న చారులో ముంచి, రెండు మూడు సార్లు అటూ ఇటూ ఊపి గిన్నెలో వేసుకున్నాడు. ఎడమచేత్తో. ఆయనది పుట్టుకతోనే ఎడమచేతివాటం. తనలో తను నవ్వుకుంటున్నాడు.

"ఇదెక్కడి తిండి? ఇలా ముంచుకు తినడం ఎక్కడ నేర్చారు?" అన్నాను.

"ఎక్కడో" అన్నాడు. అప్పుడూ చెవులే.

ఇంకా ఒకటుంది. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు నేను కూరలు తరుగుతుంటే వచ్చి, ఏమీ చెప్పకుండా ఒక తాడు తీసి నా కుడిచేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా కొలిచాడు. కొలిచి తాడు మీద ముడి వేసుకుని జేబులో పెట్టుకున్నాడు. చలికి ఏదో చేతుల చొక్కా తెస్తాడని ఆ శీతాకాలమంతా ఎదురుచూశాను. రాలేదు. మరి ఆ కొలతతో కుట్టించింది ఎవరికి వెళ్ళినట్టు? నా సైజే ఉన్న ఇంకొకావిడ ఎక్కడో ఉందన్నమాట. ఆవిడకి కొలతలు తియ్యడానికి నేను పనికొచ్చాను.

వెళ్ళే ముందు మా అక్క నోబుయే దగ్గరికి వెళ్ళాను. మా బావ పోయాక అక్క హిమిలో ఒక్కతే ఉంటోంది. వెనక గది ఖాళీ చేసి ఉంచమన్నాను. నేను అనుమానిస్తున్నది నిజమైతే ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళను, ఆయన పొట్లాలు ఆయనే కట్టుకుంటాడు అన్నాను. అక్క చేప పొలుసు గీకుతూ నవ్వింది.

"మీ ఆయన మొహానికి ఇంకొకత్తె కూడానా? ఉన్న ఒక్కదానితోనే మాట్లాడడు కదే."

"మాట్లాడని వాళ్ళనే నమ్మకూడదు."

"సరే, గది ఊడ్చి ఉంచుతాలే. తీరా రాకపోతే ఉల్లిపాయలు ఆరబెట్టుకుంటాను" అంది.

బయల్దేరిన పొద్దున్న ఆయన గోడ పట్టుకుని ఒంటికాలి మీద గుమ్మం దాకా వచ్చాడు. నేను బూట్లు తొడుక్కుంటుంటే, "అక్కడ ఇప్పుడు ఆకులు ఎర్రబడి ఉంటాయి" అన్నాడు. ఏటా తను బయల్దేరేటప్పుడు అనే మాటే. ఏటా నేను, "మఫ్లర్ పెట్టుకోండి" అనేదాన్ని. ఆ రోజు నా మఫ్లర్ నేనే చుట్టుకుని మూట వీపుకెత్తుకున్నాను.

కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. మందులాయన ఏడీ, ఇన్నాళ్ళకి పెళ్ళాన్ని పనిలోకి దింపాడా అని మేలమాడారు. కాలు సంగతి చెప్తే అయ్యో అని, ఎండబెట్టిన పుట్టగొడుగులు, పచ్చళ్ళు మూటలో కుక్కారు. చెవిటి బియ్యం కొట్టాయన నేను ఎంత అరిచినా, "మీ ఆయన గొంతే బాగా వినిపిస్తుంది, నెమ్మదిగా మాట్లాడతాడు" అన్నాడు. అందరికీ మా ఆయనంటే ఇష్టమే. అది కూడా నాకు అనుమానంగానే ఉంది. ఇంట్లో పది మాటలు ఆడని మనిషి ఇంతమందికి ఎలా నచ్చాడు?

చివరి ఊళ్ళో ఒకావిడ పెట్టె ముందు కూచుని, "తొచిజావా కూడా వెళ్తున్నావా?" అంది. "ఏం?" అన్నాను. "ఏం లేదు. అక్కడ మీ ఆయన మందులాయన కాదు, సొంత మనిషి. పొయ్యి దగ్గర చోటుంది ఆయనకి" అంది. ఇంకా ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకుంది. కాగితపు బుడగ ఊదుతున్నానేమో, ఊపిరి ఆగి అది చేతిలోనే నలిగిపోయింది.

తొచిజావాకి దారి బాగానే ఉంది. రెండు వైపులా ఎర్రటి చెట్లు, పక్కన ఏరు, మధ్యలో ఎద్దుబండి పోయేంత వెడల్పు. దారి బాగుండదట. నడుస్తూ ఒక్కటే నిశ్చయించుకున్నాను: నేనెవరో చెప్పను. పెళ్ళాన్నని చెప్తే అందరూ మూసేసుకుంటారు. మందుల కంపెనీ పంపిన మనిషినని చెప్తాను, పేరు అడిగితే మా అక్క పేరు చెప్తాను.

మందులాయన దిగే ఇల్లు ఏదంటే చూపించారు. గుమ్మంలో ఒక ముసలావిడ సోబా గింజలు జల్లెడ పడుతోంది. ఊరంతా యొనె అవ్వ అని పిలిచేది ఆవిడనే. నడుం వంగిపోయింది గాని కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. నేను కంపెనీ నుంచి వచ్చానన్నాను. జల్లెడ ఆగింది.

"మందులాయన ఏమయ్యాడు?"

"కాలు విరిగింది."

"ఏ కాలు?"

"కుడి కాలు, చీలమండ దగ్గర. పాపం కుడి పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి లోపలికి రమ్మంది.

లోపల నేలపొయ్యి మండుతోంది. దాని మీద ఇనప గొలుసుకి వేలాడుతున్న పెద్ద కుండ. పొయ్యి పక్కన ఒకామె కూర్చుని మేజోడు రఫూ చేస్తోంది. నలభై దాటి ఉండవు. తెల్లగా, నెమ్మదిగా, అందంగా ఉంది. అవ్వ కోడలట, పేరు హత్సుయె. నన్ను చూసి లేచి, "మంచుకి తడిసి వచ్చారక్కా, మేజోళ్ళు ఇటివ్వండి, ఆరబెడతాను" అంది. ఆమె చేతిలో ఉన్న మేజోడు వంక చూశాను. కుట్టు ఏటవాలుగా ఉంది. చేప ముల్లులా.

నా వెతుకులాట గుమ్మం దాటగానే అయిపోయింది. కూర్చున్నాను. మేజోళ్ళు విప్పి ఇచ్చాను.

ఆమె భర్త అడవిలో చెట్టు విరిగి మీద పడి చనిపోయాడని అవ్వే చెప్పింది. అంటే విధవరాలు. పొయ్యి దగ్గర చోటు. నాకు అన్నీ వరసలో కూర్చుంటున్నాయి. ఆ ఇంట్లో మందుల పెట్టె తీసి, అయిపోయినవి నింపుతుంటే, ఒక్కో పొట్లం మీద నేను అంటించిన మడత కనిపించి కోపం వచ్చింది. పొట్లాలు కట్టేది నేను, పొయ్యి దగ్గర కూర్చునేది ఈమె.

పొద్దు వాలాక అవ్వ అన్నానికి పిలిచింది. వెదురు పళ్ళెంలో సోబా చల్లటివి, పిడికిట్లో పట్టేంత చుట్టలుగా చుట్టి పేర్చారు. కుండలో చారు: పుట్టగొడుగులు, ఉల్లికాడలు, అడవికోడి ముక్కలు. వెనక గోడ మీద కట్టె మేకులకి చిన్న చిన్న బుట్టలు వేలాడుతున్నాయి. గుప్పెడంత బుట్ట, పొడవాటి కాడ. అవ్వ ఒకటి తీసి, దాన్లో ఒక చుట్ట పెట్టి, కుండలో ముంచి రెండు మూడు సార్లు అటూ ఇటూ ఊపి, నా గిన్నెలో వేసి పైనుంచి చారు పోసింది. అచ్చంగా ఆ ఏడాది చివరి రాత్రి ఆయన ఊపినట్టే. 'ఎక్కడో' అంటే ఇక్కడన్నమాట.

"మొదటిసారి వచ్చిన వాళ్ళకి ఇంటివాళ్ళే ముంచి పెట్టాలి, ఇది చుట్టాల బుట్ట" అంది అవ్వ. హత్సుయె లేచి గోడ మీంచి తన బుట్ట తీసుకుంది, అవ్వ తనది తీసుకుంది. ఎవరి బుట్ట వాళ్ళది.

తిన్నాను. అంత కోపంలోనూ అది బాగుందని నా నాలుకకి తెలిసింది. వేడి పైపైన తగిలి, లోపల చుట్ట ఇంకా చల్లగా గట్టిగా ఉంది. కొంచెం ఉప్పెక్కువ. గోడ వంక చూస్తూ తిన్నాను. ఒక బుట్ట మిగతావాటికి ఎదురు దిక్కుకి వంగి ఉంది. కుడిచేత్తో పట్టుకుంటే చారంతా ఒళ్ళో పడుతుంది. ఎడమచేతివాడికే పనికొస్తుంది.

"అదెవరిది?" అన్నాను.

"మందులాయనది."

దాని పక్కనే, అదే మేకుకి, ఇంకో చిన్న బుట్ట ఉంది. పొగకి నల్లబడింది గాని అడుగు లోపలి వైపు మాత్రం ఇంకా లేత వెదురు రంగే, ఎప్పుడూ తడవలేదు. ఆడమనిషి బుట్ట.

"మరి అది?"

హత్సుయె తల దించుకుని, ఉల్లికాడలు తెస్తానని లేచి వెళ్ళిపోయింది. పళ్ళెంలో ఉల్లికాడలు ఉండనే ఉన్నాయి.

"అది ఆయన పెళ్ళానిది" అంది అవ్వ.

అంటే ఈ ఊళ్ళో ఆయన పెళ్ళాం అనే పేరు చెప్పుకుని ఒకటి ఉంది. అది ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్ళింది. పైకి మాత్రం మామూలుగా, "ఆవిడ ఇక్కడే ఉంటారా?" అన్నాను.

అవ్వ బుట్ట కింద పెట్టింది.

"చూడమ్మాయ్. నువ్వు కంపెనీ మనిషివి కావు. కంపెనీవాళ్ళు ఏ బుట్ట ఎవరిదని అడగరు. ఏ కాలు అంటే తడుముకోకుండా చెప్పావు. ఏ పక్కకి తిరిగి పడుకుంటాడో అది కూడా చెప్పావు. పడుకునే పక్కతో కంపెనీకేం పని?"

నేను గిన్నెలోకి చూశాను.

"నీకూ ఆయనకీ ఏముందో నేనడగను. వయసొచ్చాక మగాళ్ళకి పోగాలం వస్తే ఎవరాపుతారు. కానీ ఒక్కటి విను. ఆయనకి పెళ్ళాం ఉంది. తొయామాలో. నేను చూడలేదు గాని ఆవిడ చేతి వంట ఏటా తింటున్నాను. కొంబులో చుట్టిన చేప పంపుతుంది. ఉప్పు తక్కువ వేస్తుంది, అదొక్కటే లోపం. ఆ ఇల్లు చెడగొట్టావంటే నీకు ఈ పొయ్యి దగ్గర చోటుండదు, ఆయనకీ ఉండదు."

నా తరఫున ఆవిడ నాతోనే పోట్లాడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నె పట్టుకుని కూర్చున్నాను. అయినా అనుమానం అంత తేలిగ్గా చస్తుందా? చూడని మనిషికి బుట్ట ఎలా అల్లారు అన్నాను.

అవ్వకి నా మీద కోపం ఇంకా తగ్గలేదు, కానీ చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. చాలా ఏళ్ళ కిందట ఒక శరత్తులో మంచు ముందే పడి కనుమ మూసుకుపోయిందట. మందులాయన ఈ ఇంట్లోనే ఉండిపోయాడట. కట్టెలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, ఒక్క మాట ఆడేవాడు కాదు. భోజనానికి కూర్చుంటే మాత్రం కుడిచేతి బుట్టతో రోజూ చారంతా చాప మీద ఒలకబోసేవాడు. అవ్వ మొగుడు బుట్టలు అల్లేవాడు. చూసి చూసి విసుగెత్తి, ఎడమచేతి బుట్ట ఒకటి అల్లాడు.

"అల్లాడు గాని గోడకి తగిలించలేదు. మా ఊళ్ళో పెళ్ళయినవాళ్ళ బుట్టలు జంటగానే తగిలించాలి. ఒక్కటే తగిలిస్తే రెండో మనిషి పోయినట్టు. అదుగో, హత్సుయె మేకు చూడు, రెండోది లేదు. మా అబ్బాయిది వాడితోనే పంపించాం." అవ్వ పొయ్యిలో కట్టె ఒకటి లోపలికి నెట్టింది. "అందుకే, పెళ్ళాం ఉందా అని మా ముసలాయన అడిగాడు. ఉందన్నాడు. అయితే కొలత పట్టుకురా అన్నాడు. కాడ ఎవరిది వాళ్ళ చేతికి సరిపోవాలి కదా, మోచేతి నుంచి మణికట్టు దాకా. మరుసటేడు వచ్చాడు. తాడు మీద ముడి వేసుకుని తెచ్చాడు."

చొక్కా మీంచే నా ఎడమచెయ్యి నా కుడి మోచేతి మీదికి వెళ్ళింది. అక్కడే ఉంచుకుని కూర్చున్నాను.

"మరి ఆవిడ రాలేదేం?" అన్నాను చివరికి.

"వచ్చే ఏడు తెస్తానంటాడు. ఏటా అదే మాట. అసలు అడిగి ఉండడని నా అనుమానం. అడిగే మొహమేనా అది? నీకు తెలుసుగా" అని, తెలిసి ఉండటం కూడా తప్పే అన్నట్టు మళ్ళీ నా వంక గుర్రుగా చూసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి చూస్తే నా మేజోళ్ళు పొయ్యి పక్కన మడత పెట్టి ఉన్నాయి, ఆరిపోయి. మడమ దగ్గర నేను గమనించని చిరుగు కూడా కుట్టి ఉంది. ఏటవాలుగా. హత్సుయె పెరట్లో నీళ్ళు తోడుతోంది. ఈ ఇంట్లో తడిసి వచ్చిన వాళ్ళందరి మేజోళ్ళూ ఆమె చేతిలోంచే వెళ్తాయి. అంతే. ఇరవై ఏళ్ళుగా నేను ఆ కుట్టు పట్టుకుని ఎన్ని కథలు అల్లానో తలుచుకుంటే సిగ్గేసింది.

ఎవరూ లేరు కదా అని గోడ దగ్గరికి వెళ్ళాను. చిన్న బుట్ట మేకు మీంచి దించి, కాడ చివర మోచేతికి ఆనించి చెయ్యి చాచాను. కాడ మణికట్టు దగ్గర, గాజు వేసుకునే చోట, సరిగ్గా ఆగింది. వెంట్రుక వాసి తేడా లేదు. ఆ రోజు వంటింట్లో ఆయన వేళ్ళు ముడి వేసిన చోటే.

వెనక అలికిడి అయింది. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. నా చెయ్యి చూసింది, కాడ చూసింది, మొహం చూసింది.

"ఉప్పు తక్కువ వేసేది నువ్వేనా?" అంది.

తలూపాను. అవ్వ దగ్గరికొచ్చి నా చేతిలోంచి బుట్ట తీసుకుంటే, ఇప్పుడైనా దాంతో పెడుతుందేమో అనుకున్నాను. తీసుకెళ్ళి మళ్ళీ ఆయన బుట్ట పక్కనే తగిలించింది.

"అయితే మాత్రం ఏం? మొదటిసారి దాన్ని ఆయన చేత్తోనే తడపాలి. కాలు బాగయ్యాక తీసుకురా. కంపెనీ మనిషివి కదా, ఆ పని చెయ్యి" అంది. అప్పటికి గాని ఆవిడ మొహంలో నవ్వు రాలేదు.

ఇంటికి చేరేసరికి ఆయన కిటికీ దగ్గర కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొట్లాలు కట్టాలని చూసినట్టున్నాడు, చుట్టూ చిత్తుకాగితాలు. నేను మూట దించి కూర్చున్నాను. కుక్క కరిచిందా అన్నాడు. లేదన్నాను. చెవిటాయన ఎలా ఉన్నాడన్నాడు. చెప్పాను. కిటికీలోంచి చూస్తూ అడిగాడు:

"తొచిజావా వదిలేశావు కదా?"

"వదిలేశాను."

ఆయన ఇటు తిరిగాడు. నా మొహం చూడలేదు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాను కదా, నా మడమ వంక చూశాడు. ఏటవాలు కుట్టు. ఇరవై ఏళ్ళు నేను ఆయన మేజోళ్ళలో చూసిన కుట్టుని ఇప్పుడు ఆయన నా మేజోట్లో చూస్తున్నాడు. చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

"చారు ఇంకా ఉప్పగానే కాస్తోందా?" అన్నాడు.

"చుట్టాల బుట్టతో తిన్నాను. నా బుట్ట ముట్టుకోనివ్వలేదు ఆవిడ. మీరొచ్చి ముంచాలట."

నాకు ఆగలేదు. ఇరవై ఏళ్ళు ఒక్కసారైనా రమ్మని అడగడానికి నోరు రాలేదా అన్నాను.

"అడిగాను."

"ఎప్పుడు?"

"ఏటా." నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఆకులు ఎర్రబడి ఉంటాయి అనేవాణ్ణి కదా. నువ్వేమో మఫ్లర్ పెట్టుకోమనేదానివి. రావడం ఇష్టం లేదేమోననుకున్నాను."

"అదా అడగడం!"

"మరి ఎలా అడుగుతారు?" అన్నాడు.

"ఈసారి నన్ను అక్కడికి వద్దన్నారెందుకు మరి?"

"నువ్వు ఒక్కదానివీ వెళ్తే చుట్టాల బుట్టతో పెడతారు." అంతకంటే చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

వీధి చివర పొగాకు కొట్లో టెలిఫోను ఉంటే వెళ్ళి అక్కకి చేశాను. గదిలో ఉల్లిపాయలు ఆరబెట్టుకోమన్నాను. అప్పటికే ఆరబెట్టేశానంది.

నవంబరు చివర కట్టు విప్పారు. కనుమ మూసుకుపోయేలోపు వెళ్ళాలని, కర్ర పట్టుకుని నడవగలిగిన వారంలోనే బయల్దేరాం. అంత దూరం ఆయన నడుస్తుంటే, కాలు ఎక్కడ జారుతుందోనని దారంతా ఆయన పాదాల వంకే చూస్తూ నడిచాను. చెట్లు మోడులైపోయి ఉన్నాయి. ఎర్రటి ఆకులన్నీ ఏట్లో కుళ్ళుతున్నాయి.

అవ్వ గోడ మీంచి రెండు బుట్టలూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తనది పక్కకి నెట్టి చిన్నది తీసుకున్నాడు. కుడిచేతి కాడ అది, ఆయన ఎడమచేతికి కుదరదు. అయినా దానితోనే ముంచాడు. సగం చారు చాప మీద ఒలికింది. హత్సుయె గుడ్డ తీసుకుని తుడిచింది. అవ్వ తన మొగుణ్ణి తలుచుకుందో ఏమో మొహం తిప్పుకుంది. బుట్ట అడుగున లేత వెదురు మొదటిసారి తడిసి నల్లబడటం చూశాను. ఆయన దాన్ని నా గిన్నెలో వంపి, కాడ నా వైపు తిప్పి నాకిచ్చాడు.

చారు నిజంగానే ఉప్పగా ఉంది. నేను ఆ సంగతి అనలేదు. గుమ్మంలోంచి బయటికి చూసి, "ఆకులన్నీ రాలిపోయాయి" అన్నాను.

ఆయన నోట్లో ముద్ద మింగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చే ఏడు ముందుగా వద్దాం" అన్నాడు. "నువ్వూ నేనూ. వస్తావా?"

వస్తానన్నాను.